పొద్దున పూటే ఆరిపోయే గ్యాస్ గీజర్

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఇది చదవడం ఆపి ఇంటికి ఫోన్ చేసి, ఆ బాత్రూంలో గీజర్ వేసుకుని తలుపు మూసుకుని స్నానం చేయొద్దని అమ్మగారికీ నాన్నగారికీ చెప్పు. పొయ్యి మీద కాచిన నీళ్లు ఓ పది రోజులు పోసుకుంటే ఏమీ అయిపోదు. చెప్పి వచ్చాక మిగతాది తీరిగ్గా చదువు, రిపేరు పెద్దదేం కాదు.

నువ్వు రాసింది మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కదా, రెండు ముక్కల్లో చెప్తాను. రాజోలు దగ్గర పల్లెలో ఇల్లు. మూడేళ్ల కిందట పెట్టిన 6 లీటర్ల గ్యాస్ గీజర్, బాత్రూం లోపలే గోడకి ఉంది. సాయంత్రం నాన్నగారు రొయ్యల చెరువు నుంచి వచ్చి స్నానం చేసేటప్పుడు శుభ్రంగా పనిచేస్తుంది. పొద్దున్నే మాత్రం వెలిగిన నాలుగైదు నిమిషాలకి ఆరిపోతుంది, కుళాయి కట్టి మళ్లీ తిప్పితే టక్ టక్ అంటుంది గానీ అంటుకోదు, బయటికొచ్చి కాసేపాగి వెళ్తే ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. సెల్లులు రెండుసార్లు మార్చారు, బండ కూడా మార్చారు. వచ్చిన మెకానిక్ "సెన్సార్ పోయింది, తీసేసి డైరెక్ట్ చేసేస్తాను, ఇక ఆగే పనే లేదు" అన్నాడు, చేయించమంటారా అని నీ ప్రశ్న. చివర్లో, దీనికి సంబంధం లేనట్టు, "నాన్నకి ఈమధ్య పొద్దున స్నానం అయ్యాక తల పట్టేసినట్టు ఉంటోంది, బీపీ అనుకుంటున్నాం" అని ఓ ముక్క రాశావు చూడు, నేను అక్కడ ఆగిపోయాను.

ఇరవై ఏళ్లకి పైగా అమలాపురం, రాజోలు, అటు పాలకొల్లు వైపు పొయ్యిలూ గీజర్లూ బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కళ్లతో చూడకుండా తేల్చి చెప్పకూడదు, నిజమే. కానీ నువ్వు చెప్పినవాటిలో మూడు ఒకచోట చేరాయి. పొద్దునే ఆరుతోంది, తలుపు తీసి కాసేపాగితే వెలుగుతోంది, లోపలున్న మనిషికి తలనొప్పి వస్తోంది. ఇది గీజర్ జబ్బు కాదు, ఆ గదికి గాలి చాలడం లేదు. గాలి చాలక మంట ఆరుతోంది, ఆరేలోపు గ్యాస్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతోంది, ఆ తల పట్టేయడం దానివల్ల అయ్యే అవకాశమే ఎక్కువ. బీపీ చూపించండి, తప్పు లేదు. డాక్టరుగారికి మాత్రం "మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ వాడుతున్నాం" అని నోరు తెరిచి చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది?

గీజర్ లోపల ఏది ముందు ఏది వెనక జరుగుతుందో తెలిస్తే సగం రిపేరు నువ్వే హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో చేయించగలవు. కుళాయి తిప్పగానే నీటి తోపుకి లోపల ఒక రబ్బరు పొర, డయాఫ్రం అంటాం, కదిలి ఒక చిన్న పుల్లని నెడుతుంది. ఆ పుల్ల మైక్రో స్విచ్‌ని కదిపితే, స్విచ్ నుంచి కంట్రోల్ బాక్సుకి కబురు వెళ్తుంది. ఆ బాక్సు రెండు పెద్ద సెల్లుల 3 వోల్టులతో స్పార్క్ కొడుతూ, అదే టైములో గ్యాస్ వాల్వు తెరుస్తుంది. బర్నర్ అంటుకున్నాక, పక్కనే సన్నగా నిలబడి ఉండే ఇంకో కడ్డీ ఉంటుంది, మీ మెకానిక్ తీసేస్తానన్న సెన్సార్ అదే. మంట గుండా అతి కొంచెం కరెంటు పారుతుంది, ఆ పారుదలని బట్టి మంట ఉందో లేదో బాక్సు కనిపెడుతుంది. పారుదల ఆగిందా, వాల్వు మూసేస్తుంది. అంతే, దీనికి మించిన మాయ ఏమీ లేదు అందులో.

ఇప్పుడు ఆ సెన్సార్‌ని తప్పించి "డైరెక్ట్" చేయడం అంటే ఏమిటో చూడు. నీళ్లు పారుతున్నంతసేపూ, మంట ఉన్నా ఆరినా, వాల్వు తెరిచే ఉండేలా వైర్లు కలిపేస్తారు. నిజమే, ఇక మధ్యలో ఆగదు. మంట ఆరినా పచ్చి గ్యాస్ మాత్రం ఆగకుండా గదిలోకి వస్తూనే ఉంటుంది. ఆరకపోతే ఇంకా అన్యాయం, గాలిలేని గదిలో కునారిల్లుతూ మండి విషం కక్కుతూనే ఉంటుంది, ఇన్నాళ్లూ మీ నాన్నగారిని బయటికి పంపింది ఆ ఆరిపోవడమే కదా. ఆ మెకానిక్ చెడ్డవాడని అనను. కంప్లైంటు "ఆగిపోతోంది" అని వస్తే ఆగకుండా చేయడమే పని అనుకునే వయసు ఒకటి ఉంటుంది, నేనూ ఆ వయసు దాటే వచ్చాను. కానీ ఆ వైరు మాత్రం కలపనివ్వకు.

గాలి చాలకపోవడం ఏమిటి, నాలుగు నిమిషాలకే గాలి ఐపోతుందా అని నీకు అనిపించొచ్చు. లెక్క వేద్దాం. 6 లీటర్ల గీజర్ ఫుల్లుగా మండితే గంటకి దాదాపు ఒక కేజీ గ్యాస్ తాగుతుంది, మన వంట పొయ్యి పెద్ద బర్నర్ కంటే ఐదారు రెట్లు. కేజీ గ్యాస్ కాలాలంటే 12 ఘనపు మీటర్ల పైచిలుకు గాలి కావాలి. మన వైపు బాత్రూం మామూలుగా ఐదడుగులు, ఏడడుగులు, ఎత్తు తొమ్మిది, అంటే లోపల పట్టే గాలంతా కలిపి సుమారు 9 ఘనపు మీటర్లు. కాబట్టి అన్నీ మూసేస్తే ఐదు నిమిషాల్లో గదిలో గాలి తొమ్మిదో వంతు ఖర్చు. ఆక్సిజన్ 21 శాతం నుంచి 19 కిందికి దిగిపోతుంది. పైగా గీజర్ ఉండేది తల ఎత్తున, దాన్నుంచి వచ్చే వేడి పొగ పైకెళ్లి శ్లాబు కింద పేరుకుని మెల్లగా కిందికి దిగుతుంది, అంటే గీజర్ తను వదిలిన గాలినే తను మళ్లీ పీల్చుకుంటోంది. అక్కడ మంట చుట్టూ ఆక్సిజన్ గది సగటు కంటే ఇంకా తక్కువ. గాలి తగ్గినకొద్దీ మోనాక్సైడ్ తయారీ పెరుగుతుంది, మంట బర్నర్ మీద నిలవక పైకి లేస్తుంది, సెన్సార్ కడ్డీకి అందదు, వాల్వు పడిపోతుంది.

మీ నాన్నగారికి ఇదంతా చెప్పక్కర్లేదు. "నాన్నా, బాత్రూంలో డీఓ పడిపోతోంది" అను చాలు. తెల్లవారుజామున చెరువులో డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్యలు పైకి తేలితే ఏరియేటర్లు వేయడానికి పరుగెత్తే మనిషికి అంతకంటే వివరం అక్కర్లేదు.

మరి సాయంత్రం ఎందుకు పనిచేస్తోంది? పందెం కాస్తాను, అమ్మగారిని అడుగు. ధనుర్మాసం చలి, పొద్దున్నే మంచు గాలి కొడుతోందని వెంటిలేటర్ అద్దాలు మూసేసి ఉంటారు, లేదా దోమలు రాకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఉంటారు. సాయంత్రం అది తీసి ఉంటుంది. సాయంత్రం నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు కాబట్టి నాబ్ తక్కువలో పెడతారు, ఐదు నిమిషాల్లో స్నానం కానిచ్చేస్తారు. పొద్దున ఫుల్లులో పెట్టి తీరిగ్గా పోసుకుంటారు. గీజర్ అదే, బండ అదే, తేడా అంతా ఆ అట్టముక్కలో ఉంది.

దీని మీద నేనింత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. నాకు పెళ్లయిన రెండో సంక్రాంతి. అత్తగారి ఊరు ఆచంట దగ్గర. వాళ్లింట్లో గీజర్ పెట్టింది నేనే, బాత్రూం లోపలే, అప్పట్లో అందరం అలాగే పెట్టేవాళ్లం. భోగి నాడు తలంటు. అత్తగారు నూనె మర్దించి, కుంకుడుకాయ రసం గిన్నె లోపలికిచ్చి, "నురగంతా పోయేదాకా పోసుకోండి అల్లుడుగారూ" అన్నారు. ఆయ్ అన్నాను. కుంకుడు రసం కళ్లలో పడి కళ్లు మూసుకుని పోసుకుంటూనే ఉన్నాను, పావుగంట దాటి ఉంటుంది. తల బరువెక్కింది, నూనె వల్ల అనుకున్నాను. తర్వాత మోకాళ్లు నావి కానట్టు అనిపించాయి. ఏదో తేడాగా ఉందని గడియ మీద చెయ్యి వేశాను, చెయ్యి గడియ మీదే ఉంది, అది కనిపిస్తోంది, కానీ దాన్ని పక్కకి లాగేంత సత్తువ వేళ్లలో లేదు. ఆ ముక్క ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది, గడియ లాగడం అనేది మనం ఎప్పుడూ పని అని లెక్కపెట్టం కదా. తలుపుకి ఆనుకుని కూలబడ్డాను. చెంబు కిందపడ్డ చప్పుడుకి బావమరిది వచ్చి తలుపు కింద రేకు తన్ని తెరిచాడు. వాకిట్లో పడుకోబెడితే వాంతి అయింది, తలనొప్పి కనుమ దాకా పోలేదు. గీజర్ అప్పుడు బ్రహ్మాండంగా మండుతూనే ఉందట, బావమరిదే కట్టాడు. చూశావా, అన్ని గీజర్లూ మీదానిలా ఆరిపోవు. పండగ వెళ్లిన మర్నాడు గోడకి కన్నం పెట్టి దాన్ని బయట సన్‌షేడ్ కిందికి మార్చాను. పండక్కి వచ్చిన అల్లుడు గోడకి కన్నం వేశాడని వాళ్ల వీధిలో ఇప్పటికీ నవ్వుకుంటారు.

మన కోనసీమవాళ్లకి గ్యాస్ కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి ఎగసిన బ్లోఅవుట్ మంట రెండు నెలలకి పైగా మండింది, రాత్రి పూట ఆకాశం ఎర్రగా ఉండటం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది. అందుకే గ్యాస్ అంటే మనకి మంటే గుర్తొస్తుంది, లీకైతే వాసన చూసి పట్టుకుంటాం. బండలో గ్యాస్‌కి కూడా సొంత వాసన పెద్దగా ఉండదు, మనం పసిగట్టాలనే మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారు. కానీ మోనాక్సైడ్‌కి అలా కలిపేవాళ్లు ఎవరూ లేరు. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. ఒట్టి తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం. ఉపవాసం ఉన్నవాళ్లయితే ఉపవాసం వల్ల అనుకుంటారు, గర్భిణులైతే వేవిళ్లు అనుకుంటారు.

సరే, నిజంగా గాలేనా అని తేల్చుకోవడం ఎలా? బాత్రూంలో ఎవరూ ఉండకూడదు. తలుపు బార్లా తీసి, వెంటిలేటర్ పూర్తిగా తెరిచి, బకెట్ కుళాయి తిప్పి వదిలేసి, అమ్మగారు బయట వసారాలో నిలబడి పదిహేను నిమిషాలు చూడాలి. పొద్దున ఆరు గంటలకే చేయించు, అప్పుడైతే నీళ్లు అదే చల్లదనం, ట్యాంకు అదే మట్టం. ఆరకుండా మండిందంటే ఇక అనుమానం లేదు, గదిదే తప్పు. అలా తెరిచి ఉంచినా నాలుగైదు నిమిషాలకే ఆరిందనుకో, అప్పుడు ఇంకో రెండు చూడాలి.

ఒకటి, గ్యాస్ చాలకపోవడం. మీది పొయ్యికీ గీజర్‌కీ ఒకే బండా? అయితే గీజర్ వెలిగినప్పుడు వంటింట్లో పొయ్యి మంట చూడమను. అది కుంగి చిన్నదైపోతే రెగ్యులేటర్ కానీ పైపు కానీ రెండింటికీ సరిపోవడం లేదు. బండ అడుక్కి వచ్చినప్పుడు కూడా ఇలాగే అవుతుంది. గ్యాస్ ద్రవంలోంచి ఆవిరి అయ్యేటప్పుడు బండ వేడిని లాక్కుంటుంది కదా, గీజర్ లాగే వేగానికి బండ కింద భాగం చల్లబడి చెమట పడుతుంది, ప్రెషర్ తగ్గుతుంది, మంట నీరసిస్తుంది. బండ మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆ చెమట పట్టిన గీత ఎక్కడుందో గ్యాస్ అక్కడిదాకా ఉందని మా అమ్మ లెక్క, అది కరెక్టే.

రెండు, వేడెక్కిపోవడం. నీళ్లు సన్నగా వస్తూ మంట పెద్దదిగా ఉంటే లోపలి రాగి గొట్టాలు మితిమీరి వేడెక్కి, వేడికి కట్ అయ్యే స్విచ్ ఆపేస్తుంది. ఇందులో గుర్తు ఏమిటంటే ఆరే ముందు నీళ్లు చెయ్యి పెట్టలేనంత సలసలా వస్తాయి. సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, అక్కడ రెండేళ్లు వాడిన గీజర్ గొట్టం విప్పితే లోపల సున్నంలా తెల్లటి పొర కట్టి ఉంటుంది. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్లలో కలిపి గొట్టంలో పోసి ఓ గంట ఉంచితే నురగ కక్కుకుని వదులుతుంది. యాసిడ్ పోసి కడిగే మహానుభావులున్నారు, రాగి గొట్టం పల్చబడి చిల్లి పడుతుంది, పోయించకండి.

ఇంకా ఒకటుంది గానీ అది జబ్బు కాదు. చాలా మోడళ్లలో 20 నిమిషాలకి దానంతటదే ఆగే టైమర్ ఉంటుంది. అది కావాలనే పెట్టారు. దాన్ని కూడా పీకించేసినవాళ్లని చూశాను.

నీ ప్రశ్న కాకపోయినా, ఇది వెతుక్కుంటూ వచ్చేవాళ్లు వేరే లక్షణాలతో వస్తారు కాబట్టి అవీ చెప్తాను. కుళాయి తిప్పితే అసలు టక్ టక్ చప్పుడే రాకపోతే గ్యాస్ జోలికి వెళ్లకండి, నీళ్లో సెల్లులో చూడండి. సెల్లులు కొత్తవే అంటారు, కానీ సెల్లుల పెట్టెలో స్ప్రింగు మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, బాత్రూం తేమకి, సముద్రం దగ్గరైతే ఇంకా తొందరగా. గరుకు కాగితంతో గీకితే సరి. చవక సెల్లులు వేయకండి, స్పార్క్ వరకు వస్తాయి గానీ వాల్వుని పట్టి ఉంచలేవు. అవి బాగుంటే నీటి తోపు. తక్కువ ప్రెషర్‌కి పనిచేసే గీజర్‌కైనా సుమారు 0.25 బార్ కావాలి, అంటే ట్యాంకులో నీటి మట్టం గీజర్ కంటే కనీసం ఎనిమిదడుగులు పైన ఉండాలి. మన పల్లెల్లో ఒకే అంతస్తు డాబా, ట్యాంకు సరాసరి శ్లాబు మీదే కూర్చుంటుంది, గీజర్ తల ఎత్తున ఉంటుంది, మధ్యలో ఆరడుగులు కూడా ఉండదు. ట్యాంకు నిండుగా ఉంటే వెలుగుతుంది, సగం అయితే వెలగదు, జనం గీజర్‌ని తిడతారు. ట్యాంకు కింద నాలుగు వరసలు ఇటుకల దిమ్మె కట్టించుకుంటే చాలాసార్లు అక్కడితో పోతుంది. అలాగే గీజర్‌లోకి నీళ్లు వెళ్లే చోట చిన్న జల్లెడ ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసి మళ్లీ నీళ్లు వదిలిన కొత్తలో కుళాయి నీళ్లు ఎర్రగా వస్తాయి కదా, ఆ మట్టంతా అందులో చేరుతుంది. విప్పి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రెండు నిమిషాల పని.

టక్ టక్ వస్తోంది గానీ మొదటి నుంచీ అంటుకోకపోతే, బండ కొత్తగా మార్చారా అని అడుగుతాను. పైపులో చేరిన గాలి పోవడానికి రెండు మూడు సార్లు తిప్పాల్సి వస్తుంది. అలా తిప్పేటప్పుడు ప్రతిసారీ మధ్యలో నిమిషం ఆగండి, పోగైన గ్యాస్ ఒక్కసారి భుగ్గుమంటే కనుబొమలు పోతాయి. వేసవంతా వాడకుండా కార్తీక మాసంలో మొదటిసారి వేస్తే అంటుకోకపోవడానికి కారణం చాలాసార్లు సాలీడు. నవ్వులాట కాదు, బర్నర్ గొట్టాల్లోకి గాలి దూరే చోట సాలీడు గూడు కడుతుంది, మట్టి గూళ్లు కట్టే కందిరీగలు కూడా. గాలి కలవక మంట పసుపుగా, మసిగా వస్తుంది, లేదా అసలు రాదు. మెత్తటి బ్రష్షు, సైకిల్ పంపు చాలు. రాజమండ్రి, కాకినాడ వైపు పైపు గ్యాస్ ఇళ్లవాళ్లు బండకి తయారుచేసిన గీజర్‌ని పైపుకి తగిలించి మంట రావట్లేదంటారు. రెండు గ్యాస్‌లకీ జెట్లు వేరు, బండ గ్యాస్ జెట్టు కన్నం చిన్నది, పైపు గ్యాస్‌కి పెద్దది కావాలి. అది కంపెనీవాళ్ల చేత మార్పించుకోవాల్సిందే, సూది పెట్టి పొడిచి పెద్దది చేసుకునేది కాదు.

వెలిగి ఐదారు సెకన్లలోనే ఆరిపోతుంటే మాత్రం అప్పుడు సెన్సార్ కడ్డీ గురించి మాట్లాడొచ్చు. తీసేయడం కాదు, తుడవడం. దాని కొనకి తెల్లగా బూడిదలాంటి పొర పడితే కరెంటు పారదు. సన్నటి గరుకు కాగితంతో ఒక్కసారి రుద్ది, కొన మంటలో ఉండేలా సరిగ్గా నిలబెట్టి, వైరు గట్టిగా గుచ్చితే సరి. మీ గీజర్ నాలుగైదు నిమిషాలు మండుతోందంటే ఆ కడ్డీ పనిచేస్తున్నట్టే, పోయిన సెన్సార్‌తో అంతసేపు మండదు. మెకానిక్‌తో వాదించాల్సి వస్తే ఈ ఒక్క మాట చాలు.

ఇక మీ ఇంటికి చేయాల్సింది. వెంటిలేటర్ తెరిచి ఉంచుకుంటాంలే అని సర్దుకోకండి, వచ్చే ధనుర్మాసానికి మళ్లీ అట్టముక్క వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతామంటారు, తెల్లారుజామున కరెంటు పోతే? గీజర్ సెల్లుల మీద నడుస్తుంది, దానికి కరెంటుతో పనిలేదు, ఫ్యాన్ ఆగినా అది మండుతూనే ఉంటుంది. గీజర్‌ని బాత్రూం గోడకి అవతలి వైపు, పెరట్లో సన్‌షేడ్ కిందికి మార్చండి. గోడలో ఒక్క కన్నం, వేడి నీళ్ల పైపు లోపలికి, అంతే. ప్లంబరుకి పూటలో అయిపోతుంది. పైన వాన పడకుండా రేకు ఉండాలి, పక్కలు మాత్రం మూయకూడదు, చుట్టూ పెట్టె కట్టేస్తే మళ్లీ మొదటికొస్తాం. బాత్రూం కిటికీకి సరిగ్గా కింద కాకుండా రెండు మూడు అడుగులు పక్కకి పెట్టండి, పొగ మళ్లీ లోపలికే పోతుంది లేకపోతే. మీ వైపు సముద్రపు గాలి ఉప్పు గాలి కాబట్టి బయట పెడితే రేకు తుప్పు కొంచెం ముందుగా పడుతుంది, ఒప్పుకుంటాను.

బండ నిలువుగా, నేల మీదే, గాలాడే చోట. పక్కన డ్రైనేజీ గొయ్యి ఉండకూడదు, ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కారితే గుంటలో చేరి కూర్చుంటుంది. ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు పైపే వాడండి, ఐదేళ్లకోసారి మార్చేయండి, దాని మీద అచ్చు వేసిన సంవత్సరం చూస్తే తెలుస్తుంది. బిగించాక సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్ల గీసి చూసే వీరులకి నా నమస్కారం. లీకు అనుమానం వస్తే రెగ్యులేటర్ కట్టేసి, స్విచ్చులేవీ ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి, అది ఏ కంపెనీ బండకైనా పనిచేసే నంబరు.

మార్చాక మొదటిరోజు మంట రంగు చూడమను. ముందు వైపు చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి నీలంగా, నిలకడగా కనిపించాలి. అప్పుడప్పుడు నారింజ మెరుపులు వస్తే కంగారు పడొద్దు, ఉప్పు గాలికి అలా వస్తుంది, పొయ్యి మీద ఉప్పు నీళ్లు చిందినప్పుడు చూస్తాం కదా అదే. కొసలు ఎప్పుడూ పసుపుగా ఉండి, పైన రాగి రెక్కల మీద మసి కనిపిస్తే మాత్రం బర్నర్ విప్పి శుభ్రం చేయించాలి.

ఇంకో ముక్క, గోదావరి లంకల్లో ఉండేవాళ్ల కోసం. వరదకి బండ మునుగుతుందని అనుకుంటారు, మునగదు, నిండు బండ కూడా నీళ్ల మీద తేలుతుంది. 2022 జూలై వరదకి కొట్టుకొచ్చిన బండలు చూశాం. నీళ్లు వస్తున్నాయంటే రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, బండని తాడుతో కట్టేయండి. మునిగిన రెగ్యులేటర్‌ని ఎండబెట్టి మళ్లీ పెట్టకండి, మార్చుకోండి.

ప్లంబరు వచ్చే ముందు నాకు రెండు సంగతులు కావాలి. బాత్రూం బయటి గోడ ఫోటో ఒకటి, ట్యాంకు అడుగు నుంచి బయట గీజర్ పెట్టబోయే చోటుకి ఎన్ని అడుగులో కొలత ఒకటి. ఆరడుగుల లోపే వస్తే గీజర్‌ని కొంచెం కిందికి, నడుము ఎత్తులో పెట్టమని చెప్తాను, అప్పుడు ట్యాంకుకి దిమ్మె కట్టే ఖర్చు తప్పుతుంది. నాన్నగారు ఈపాటికి చెరువు గట్టు మీద ఉంటారు, ఫోన్ ఎత్తకపోవచ్చు. అమ్మగారికే చెయ్యి, ఆ అట్టముక్క ఉందో లేదో కూడా అడిగి చెప్పు.